చక్రములపై గృహస్థాశ్రమము

బ్రహ్మచర్యము, గార్హస్థ్యము, వానప్రస్థము, సన్న్యాసము అను నాలుగు ఆశ్రమములలో మూడవదానిని గూర్చి విన్నవారే గాని కన్నవారు అరుదు. బ్రహ్మచారులు పాఠశాలలయందు కనబడుదురు. గృహస్థులు వీధివీధిన కలరు. యతులు మఠములయందు దర్శనమిత్తురు. వానప్రస్థుడు మాత్రము పురాణములలోనే నిలిచిపోయెను. దేహమున ముడతలు, తలపై నెరసిన వెండ్రుకలు, ఒడిలో మనుమడు కనబడిన పిదప గృహస్థు ఇల్లు విడువవలెననియు, భార్యను కుమారులకు అప్పగించి గాని, వెంట గొని గాని అరణ్యమునకు పోవలెననియు మనుస్మృతి విధించుచున్నది. ఈ మాట ఎరుగని పెద్దలు లేరు. ఆచరించువారును లేరు. తల నెరసిన రంగు పూయుట, మనుమడు పుట్టిన ఇంటిపై మరియొక అంతస్తు వేయుట నేటి లోకాచారము.

అట్లుండగా, వానప్రస్థమను మాటయే వినని దేశమున ఒక వింత కనబడుచున్నది. అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఉద్యోగవిరమణ చేసిన దంపతులు కొందరు, ముప్పది నలువది ఏండ్లు కాపురమున్న ఇంటిని అమ్మి, సామాను పంచిపెట్టి, పడక, పొయ్యి, స్నానపుగది గల మోటారు వాహనమొకటి కొని, దానినే ఇల్లుగా చేసికొని దేశమంతట తిరుగుచు జీవింతురు. ఇది వారము పది దినముల విహారము కాదు. వారికి వేరొక ఇల్లు లేదు. ఆ వాహనమును మోటారు హోము అందురు. అందు స్థిరనివాసము చేయువారిని ఫుల్ టైమర్లు అందురు.

ఈ సంగతి విన్నవారు రెండు విధములుగా తీర్పు చెప్పుట కలదు. ‘మనము మరచిన వానప్రస్థమును వారు ఆచరించుచున్నారు’ అని కొందరు ఆశ్చర్యపడుదురు. ‘అడవికి పోవువాడు ఏ.సీ.ని, ఫ్రిజ్జును వెంట గొనిపోవునా? ఇది భోగమే గాని త్యాగము కాదు’ అని మరికొందరు నవ్వుదురు. రెండును తొందరపాటు తీర్పులే. ఇల్లు విడుచుట అనగా నేమి, ఇంటితోపాటు ఏమేమి విడువవలెను, ఏమి విడువరాదు అను ప్రశ్నలు ఆ దంపతుల దినచర్యలో అడుగడుగున ఎదురగుచుండును. ఆ దినచర్యను కొంత దగ్గరగా చూచినగాని తీర్పు చెప్పుటకు అర్హత కలుగదు.

ఈ ఆచారము నిన్న మొన్నటిది కాదు. 1910లోనే న్యూయార్కు నగరపు మోటారు ప్రదర్శనలో పడకగా మారు ఆసనము గల వాహనమును ప్రదర్శించిరి. 1919లో ఫ్లోరిడాలోని టాంపా నగరమున గుడారములతో, కారులతో తిరుగువారు ఒక సంఘముగా కూడిరి. 1960లో జాన్ స్టైన్‌బెక్ అను ప్రసిద్ధ రచయిత ఒక లారీపై చిన్న గది కట్టించుకొని, తన కుక్కను తోడు గొని దేశమును చుట్టివచ్చి, 1962లో ఆ ప్రయాణమును గ్రంథముగా ప్రకటించెను. నేడు ఆ దేశపు వాహనములలో అధికభాగము ఇండియానా రాష్ట్రమున ఎల్కార్ట్ పరిసరములయందు తయారగుచున్నది. పెద్దవి నలువది అడుగులకు పైబడిన పొడవు గలవి. మన బస్సుకంటె పెద్దవి. కాని ఎంత పెద్దదైనను లోపలి చోటు మన మధ్యతరగతివారి రెండు గదుల వాటాకు మించదు.

అసలు పరీక్ష వాహనము కొనుటలో లేదు, ఇల్లు ఖాళీ చేయుటలో నున్నది. ముప్పది ఏండ్ల కాపురమున అటకలపైన, నేలమాళిగలలో, కారు షెడ్డులో చేరిన సామాను ఎంత! పిల్లల చిన్ననాటి చొక్కాలు, కన్నతల్లి వివాహమునాటి పింగాణి పాత్రలు, తండ్రి వాడిన పనిముట్లు, తెరచి చూడని పెట్టెలు, వందలకొలది ఛాయాచిత్రములు. పిల్లలు తీసికొందురని తల్లి దాచినది. తీరా పిలిచి ఇచ్చిన వారికి అక్కరలేదు. ఇది ఆ దంపతులకు తగులు మొదటి దెబ్బ. తాము అమూల్యమని దాచినది బిడ్డలకు బరువని తెలిసిన దినమున వారు కొంతసేపు మాటాడరు. అమ్మకమునకు ఇంటిముందు పరచిన వస్తువులను పరాయివారు వచ్చి, బేరమాడి, ఒక డాలరుకు రెండు డాలర్లకు కొనిపోవుచుండగా చూచుట అంత సులభము కాదు. మన ఇండ్లలో అమ్మమ్మ నాటి ఇత్తడి గంగాళమును పాతసామానువానికి తూకమునకు వేసినవారికి ఈ బాధ తెలియును.

అందుచేత పెక్కుమంది ఒక ఉపాయము చేయుదురు. విడువలేని వస్తువులను అద్దెకు దొరకు గిడ్డంగి గదిలో పెట్టి తాళము వేసి, నెలనెలా అద్దె చెల్లించుచుందురు. ఇల్లు విడిచితిమని లోకమునకు చెప్పుదురు. ఇంటి గుండెకాయ మాత్రము ఆ చీకటి గదిలో నుండును. రెండు మూడేండ్లు గడచిన పిదప, ఆ గదిలో నేమున్నదో తమకే జ్ఞాపకము లేదనియు, కట్టిన అద్దె ఆ సామాను వెలకు మించిపోయెననియు గ్రహించి, తిరిగివచ్చి అది కూడ తీసివేయువారు అనేకులు. మన యాత్రికులు కాశికి పోయి ఒక కాయను, ఒక పండును విడిచి వత్తురు. ఇష్టమైనదానిని విడుచుట ఆ నియమపు ఉద్దేశము. ఎన్నడును నోట పెట్టని కాకరకాయను విడిచి వచ్చినవారి కథలు చెప్పి పెద్దలు నవ్వించుట కూడ కలదు. గిడ్డంగి గది ఆ కాకరకాయ వంటిదే. మోయలేనిదానిని విడిచి, మమకారమును మాత్రము తాళము వేసి దాచుకొనుట.

వాహనమెక్కిన పిదప అపరిగ్రహము ధర్మబోధగా గాక యంత్రనియమముగా అమలగును. ప్రతి వాహనమునకు ఇంత బరువుకు మించరాదను హద్దు కలదు. తలుపు దగ్గర ఫలకముపై అది వ్రాయబడి యుండును. మించినచో టైర్లు పగులును, బ్రేకులు పట్టవు. జాగ్రత్త గలవారు చక్రము చక్రమునకు బరువు తూయించుకొందురు. కొత్త వస్తువొకటి లోనికి వచ్చిన పాతదొకటి బయటికి పోవలెనను నియమమును దంపతులు తమకు తామే విధించుకొందురు. పట్టుచీర బీరువాలో నలుబదవదిగా చేరునపుడు ఏ టైరును పగులదు గనుక, నిలువ ఇంటిలోని గృహస్థుకు ఈ గురువు లేడు.

నీటి సంగతియు అట్టిదే. వాహనమున మూడు ట్యాంకులుండును: మంచినీటికి ఒకటి, స్నానము, గిన్నెలు కడుగుట మొదలగువాని నీటికి ఒకటి, మరుగుదొడ్డి మలినమునకు ఒకటి. కుళాయి కట్టి, సబ్బు రుద్దుకొని, మరల కుళాయి విప్పి కడుగుకొనుట వారికి అలవాటగును. అన్నిటికంటె గమనింపదగినది మూడవ ట్యాంకు. కొన్ని దినముల కొకమారు దానిని నియమిత స్థలమున తమ చేతులతోనే గొట్టము తగిలించి ఖాళీ చేయవలెను. నిన్నటి వరకు బ్యాంకులోనో బడిలోనో గౌరవమైన ఉద్యోగము చేసిన పెద్దమనిషి చేతికి తొడుగు వేసికొని తన ఇంటి మలినమును తానే పారవేయును. ఈ దేశమున ఆ పనిని తరతరములుగా కొన్ని కులములవారి నెత్తిన పెట్టి, వారిని ఊరి వెలుపల నుంచితిమి. మలినమును చేతులతో ఎత్తించుటను 1993లోను, మరల 2013లోను చట్టములు నిషేధించినను, మురుగు గుంతలలో దిగి ప్రాణములు విడుచువారి వార్తలు నేటికిని ఆగలేదు. త్యాగమును గూర్చి ఎదుటివారికి బోధించుటకు ముందు ఈ ఒక్క విషయమున ఆ దంపతుల నుండి నేర్వవలసినది కలదు.

ఇక దాంపత్యము. పెద్ద ఇంటిలో అలుక వచ్చిన ఒకరు ఒక గదిలోను, వేరొకరు వేరొక గదిలోను కూర్చుండవచ్చును. ఉద్యోగము చేయు దినములలో పగలెల్లను ఎడబాటే. ఇచ్చట పది అడుగుల దూరములో ఇరువదినాలుగు గంటలు ఒకరి ముఖమొకరు చూచుకొనవలెను. సాయంకాలము బస చేరినపుడు వాహనమును వెనుకకు నడిపి ఇరుకైన చోట నిలుపుట పెద్ద పని. భర్త చక్రము పట్టును; భార్య వెనుక నిలిచి చేతులతో సైగ చేయును. ‘కుడికి’ అనిన ఎవరి కుడి? ఈ ఒక్క సైగ మీద అచ్చట జరుగు కలహములు సంచారుల సభలలో పేరుపొందిన హాస్యములు. కాని హాస్యము క్రింద సత్యమొకటి కలదు. ఎన్నో ఏండ్లు కలసి బ్రదికిన దంపతులు ఒకరి సైగ ఒకరికి తెలియదని ఆ చీకటి వేళ గ్రహింతురు. కొందరు సైగల భాషను కొత్తగా కల్పించుకొందురు. కొందరు వాహనమును అమ్మి, ఇల్లు కొనుక్కొని తిరిగిపోవుదురు. భార్యను వెంట గొని అడవికి పోవచ్చునని స్మృతి చెప్పినంత తేలికగా అది జరుగదు. వెంట వచ్చుటకు ఆమె మనస్సు కూడ సిద్ధపడినదా, లేక భర్త కోరికకు తల యొగ్గి మనుమలను విడిచి వచ్చినదా? ఇద్దరిలో ఒకరి త్యాగము వేరొకరి బలవంతమైనచో అది ఏ ఆశ్రమమునకును చెందదు.

ఎచ్చట నిలుతురు? పశ్చిమ రాష్ట్రములలో ప్రభుత్వపు బయలు భూములు విస్తారముగా కలవు. అందు సాధారణముగా 28 దినములలో 14 దినములకు మించి ఒకచోట నిలువరాదని నియమము. ఊరిలో ఒక రాత్రికి మించి ఉండరాదని మన పరివ్రాజకులకు విధించిన నియమము ఇచ్చట స్మరణకు రాకమానదు. నిలిచిన చోట మమకారము వేరు పట్టునని ఆ పెద్దల భయము, నేల పాడగునని ఈ ప్రభుత్వపు భయము. యతులకు వర్షాకాలపు చాతుర్మాస్యమున్నట్లు ఈ సంచారులకు శీతకాలపు బస కలదు. ఆరిజోనా ఎడారిలోని క్వార్ట్‌జ్‌సైట్ అను చిన్న ఊరి చెంత 1983 నుండి ప్రభుత్వము దీర్ఘకాలపు బసకు చోటు కేటాయించినది. సెప్టెంబరు 15 మొదలు ఏప్రిల్ 15 వరకు, ఏడు నెలలకు, రుసుము చాలకాలము 180 డాలర్లుగా నుండెను. శీతకాలమున ఆ ఎడారి వాహనములతో నిండి పట్టణమగును. ఎండలు ముదిరినంతనే ఖాళీ యగును.

తిరుగువాడు ఎచ్చట నున్నను ప్రభుత్వమునకు చిరునామా కావలెను. లైసెన్సుకు, ఓటుకు, పన్నుకు, బ్యాంకుకు ఊరు పేరు లేనివాడు లేనివానితో సమానము. కనుక ఈ దంపతులు టెక్సాసు, ఫ్లోరిడా, దక్షిణ డకోటా వంటి రాష్ట్రములలో ఉత్తరములు అందుకొని పంపు సంస్థల చిరునామాను తమ నివాసముగా చూపుదురు. ఆ మూడు రాష్ట్రములలోను రాష్ట్రపు ఆదాయపు పన్ను లేదు. ఇచ్చట విమర్శకుల మాటకు బలమున్నది. ఇల్లు గల గృహస్థు కట్టిన పన్నుతో ఊరి బడి నడచును. పొరుగింటివాడు చనిపోయిన అతడు పాడె మోయును. కొత్తగా కాపురమునకు వచ్చిన పిల్లకు అతని భార్య పెద్దదిక్కగును. తక్కిన మూడు ఆశ్రమములకును గృహస్థాశ్రమమే ఆధారమని శాస్త్రము చెప్పుట ఇందుకే. ఋణములు తీర్చిన పిదపనే వనమునకు పొమ్మని ఆ శాస్త్రమే చెప్పినది. చేతిలో శక్తియు ధనమును ఉండగనే ఎవరికిని పొరుగువాడు గాకుండ పోయినవాడు ఋణము తీర్చి పోయెనా, ఎగవేసి పోయెనా?

దీనికి సంచారుల సమాధానమును తోసివేయరాదు. వారిలో అనేకులు ప్రభుత్వ ఉద్యానవనములలో వేతనము లేని సేవకులుగా నెలల తరబడి పనిచేయుదురు. బసకు చోటు ఉచితముగా లభించును. అందుకు బదులు దారులు శుభ్రపరచుట, వచ్చువారికి దారి చూపుట వారి పని. దారిలో ఎవరి వాహనము చెడినను పనిముట్ల పెట్టెతో దిగివచ్చువారు వీరే. కాని పాడె మోయుటకు ఇది పూర్తిగా సరిపోవునని చెప్పజాలము. ఒకచోట ఏండ్ల తరబడి నిలిచినగాని చేయలేని ఉపకారములు కొన్ని కలవు.

మరియొక మాట. చిరునామా లేనివానిని అనుమానించుట రాజ్యమునకు పాత అలవాటు. ఉప్పు, ధాన్యము ఎద్దులపై వేసికొని దక్కను పీఠభూమి అంతట తిరిగిన బంజారాల వంటి సంచారులను ఆంగ్లప్రభుత్వము అనుమానపు కంటితో చూచెను. 1871 నాటి చట్టముతో ఎన్నో సంచారజాతులకు పుట్టుకతోనే నేరస్థులను ముద్ర పడెను. ఆ చట్టము 1952లో గాని రద్దు కాలేదు. ధనవంతుడు తిరిగిన విహారము, పేదవాడు తిరిగిన నేరము. అమెరికాలోను ఈ భేదము లేకపోలేదు. 2008 నాటి ఆర్థిక సంక్షోభమున ఇండ్లు, పొదుపు సొమ్ములు పోగొట్టుకొన్న వృద్ధులు పెక్కుమంది పాత వ్యానులలో కాపురము పెట్టి, పండుగ రోజులలో గిడ్డంగులలోను, కోతలనాడు పొలములలోను కూలికి పోవుచు ఊరూర తిరిగిరి. వారిని గూర్చి జెస్సికా బ్రూడర్ అను పాత్రికేయురాలు 2017లో ‘నోమాడ్‌ల్యాండ్’ అను గ్రంథము వ్రాసెను. 2020లో అది చలనచిత్రమై, 2021లో ఉత్తమ చిత్రముగా ఆస్కారు బహుమతి పొందెను. క్వార్ట్‌జ్‌సైట్ ఎడారిలో లక్షల డాలర్ల వాహనము, తుప్పుపట్టిన వ్యాను పక్కపక్కన నిలుచును. పైకి చూచిన ఇద్దరికిని ఇల్లు లేదు. ఒకడు విడిచెను, వేరొకనినుండి విడిపించిరి. ఉన్నదానిని విడుచుట వైరాగ్యము. లేనివానిని వైరాగ్యవంతుడని పొగడుట క్రౌర్యము.

విడిచినవాడును విడిచినట్లేనా? భాగవతము పంచమ స్కంధమున భరత మహారాజు కథ భక్తులకు విదితమే. రాజ్యమును, భార్యాపుత్రులను విడిచి గండకీ తీరమున పులహాశ్రమము చేరిన ఆ మహానుభావుడు, సింహగర్జనకు బెదరి దుమికిన తల్లి గర్భమునుండి ఏటిలో జారిపడిన లేడిపిల్లను కరుణతో చేరదీసెను. కరుణ మమకారమయ్యెను. పచ్చిక మేయబోయిన పిల్ల తిరిగిరాలేదని జపము మానెను. చివరకు దానినే తలచుచు దేహము విడిచి లేడియై పుట్టెను. రాజ్యము అతనిని పట్టలేదు, లేడిపిల్ల పట్టెను. చక్రముల ఇంటివారికి ఆ లేడి వాహనమే. ముప్పది అడుగులది కొన్నవారు రెండేండ్లలో నలువది అడుగులదాని ధర అడుగుదురు. బస చేరినంతనే గోడలు బయటికి జరిగి గది వెడల్పగు ఏర్పాటు కావలెననిపించును. పక్కవాని వాహనమునకు నాలుగు గోడలు జరుగును, తమదానికి రెండే. ఇల్లు అమ్మిననాడు పోయెనను అసూయ మరల తలుపు తట్టును. అడవిలో నున్నను ఈ తలపు తప్పదని భరతుని కథయే చెప్పుచున్నపుడు, వారిని మాత్రము తప్పుపట్టుట న్యాయము కాదు.

అన్నిటికంటె కఠినమైన ప్రశ్న తుదకు వచ్చును. నడుపువానికి చూపు మందగించిన, గుండెపోటు వచ్చిన ఏమి గతి? చాలకాలము భర్తయే నడుపును. నలువది అడుగుల వాహనము భార్యకు అలవాటు కాదు. ఊరికి వందల మైళ్ల దూరమున ఆయన పడిపోయినచో ఆమె ఆ ఇంటిని కదల్పలేదు, విడువలేదు. అందుచేత ఇద్దరును నడుప నేర్వవలెనని అనుభవజ్ఞులు మొదటి దినముననే చెప్పుదురు. నేర్చినను వృద్ధాప్యము ఆగదు. పొరుగువాడు లేని జీవితమునకు అది చెల్లింపవలసిన వెల.

ఈ భయమును ముందుగా గుర్తించినవారు జో పీటర్సన్, కే పీటర్సన్ అను దంపతులు. తామే సంచారులై జీవించిన వీరు 1978లో ఎస్కేపీస్ అను సంఘమును స్థాపించిరి. కే పీటర్సన్ అంతకు మునుపే 1977లో ఈ జీవనవిధానమును గూర్చి గ్రంథమును వ్రాసెను. టెక్సాసు రాష్ట్రమున లివింగ్‌స్టన్ అను ఊరి చెంత ఆ సంఘపు ప్రధానస్థానము కలదు. దేశమంతట తిరుగు సభ్యుల ఉత్తరములు ఆ ఒక్క చిరునామాకు వచ్చును. సభ్యులు ఎచ్చట నున్నారో తెలిసికొని, మూటలు కట్టి అచ్చటికి పంపుదురు. పెక్కుమందికి లైసెన్సుపై నుండు ఊరు పేరు అదే. సంవత్సరముల తరబడి అది వారికి ఊరు కాదు, ఒక సంఖ్య మాత్రమే.

ఆ ఆవరణలోనే వృద్ధులకు, రోగులకు ఒక సేవాకేంద్రము నెలకొల్పిరి. ఇక నడుపజాలనివారు తమ వాహనమును అచ్చట నిలిపి, అదే పడకపై పండుకొని, అదే చిన్న వంటగదిని చూచుకొనుచు కాలము గడుపుదురు. మూడు పూటల భోజనమునకు మధ్యనున్న భవనమునకు నడచి పోవుదురు. నడువలేనివారికి సాయము కలదు. వైద్యునివద్దకు తీసికొనిపోవుదురు, బట్టలు ఉతికి ఇత్తురు. పనిచేయువారిలో చాలమంది వేతనము కోరని సాటి సంచారులే. కొన్ని వారములు సేవచేసి మరల దారి పట్టుదురు. చక్రములున్నవి గాని తిరుగవు. భోజనపు బల్లచుట్టు నిత్యము అవే ముఖములు. ఒకరు రాకున్న వేరొకరు లేచిపోయి వారి తలుపు తట్టుదురు. ఉత్తరములు వచ్చు కార్యాలయము కూడ ఆ ఆవరణలోనిదే గనుక, వారికి వచ్చిన జాబులను మూటకట్టి మరియొక ఊరికి పంపవలసిన పని ఇక లేదు.